చెంచమ్మ చేతి నీళ్ళు

"చెంచమ్మ వస్తేగాని పాపను దించను" అని రామసుబ్బయ్య మిషను ఆసుపత్రి గేటులోనే నిలబడిపోయాడు.

భుజం మీద ఆరేళ్ళ కూతురు పద్మమ్మ ఒళ్ళు పెనంలా కాలుతోంది. నాలుగు రోజులుగా దిగని జ్వరం. పొద్దున గిద్దలూరులో రైలెక్కించి, దిగిన స్టేషను నుంచి మార్కాపురం దాకా ఒంటెద్దు బండిలో తెచ్చాడు. పాప పెదాలు ఎండి పగుళ్ళు వేశాయి. ఇంత దూరం ఆదరాబాదరా వచ్చినవాడు, తీరా గేటు దగ్గరికొచ్చి మేకు దిగినట్టు నిలబడ్డాడు.

ఆ పేరుగల నర్సు ఇక్కడ ఎవరూ లేరని గేటు కాపలా ఏలీయా చెప్పాడు. రామసుబ్బయ్యకు ఒళ్ళు మండింది. రెండు నెలల కిందట విషజ్వరంతో ఇదే ఆసుపత్రిలో మూడు వారాలు ఒళ్ళు తెలిసీ తెలియకుండా పడివున్నాడు. ఆ మూడు వారాలూ నుదుట తడిగుడ్డ వేసిందీ, గొంతులో చెంచాడు చెంచాడుగా జావ పోసిందీ, పక్కలో పాడుచేసుకుంటే మొహం చిట్లించకుండా బాగుచేసిందీ చెంచమ్మే. ఇప్పుడు లేదంటే ఎట్లా?

"ఆమె పేరు చెంచమ్మని నీకెవరు చెప్పినారయ్యా?"

"ఒకరు చెప్పేదేంది? చెంచమ్మక్కా అని పిలిస్తే పలికేది గదా."

చనిపోయిన తన అక్క పేరే ఆమెకూ ఉండడం దేవుడి దయ అనుకున్నాడు అప్పట్లో. ఇంకో సంగతి కూడా మనసులో పెట్టుకున్నాడు. ఇక్కడి నర్సులంతా రూతమ్మలూ ఎలీషబాలూ. కూలికి పోయే కిరస్తానం ఇళ్ళ నుంచి వచ్చి మిషను బడిలో ఈ పని నేర్చినవాళ్ళు. చెంచమ్మంటే మాత్రం తమ ఇళ్ళలో పెట్టుకునే పేరు. చావుబతుకుల్లో కూడా తను తాగింది తనవాళ్ళ చేతి నీళ్ళేనని ఊళ్ళో అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పుకున్నాడు. పాప గొంతులోకీ ఆ చేతి నీళ్ళే పోవాలి. అదీ పట్టుదల.

మనిషి ఎట్లా ఉంటుందో చెప్పమన్నాడు ఏలీయా. రామసుబ్బయ్య చెప్పబోయి ఆగాడు. పొడుగు మనిషి, మంచం మీదికి వంగితే గూడు కప్పినట్టుండేది. కాదు, పొట్టి. నుదుటి మీద పడిన చెయ్యి పిల్ల చెయ్యంత ఉండేది. గొంతు బొంగురు. మరి తెల్లవారుజామున సన్నగా పాట పాడిందెవరు? అదీ చెంచమ్మే. అడిగితే ఆఁ అంది.

"నువ్వు చెప్పే గుర్తులకు సగం మార్కాపురం వస్తాదయ్యా" అన్నాడు ఏలీయా.

రామసుబ్బయ్యకు తల తిరిగిపోయింది. జ్వరంలో కలగన్నాడా? కలలో పోసిన జావకు మనిషి బతుకుతాడా?

ఇంతలో పెద్ద నర్సు మణెమ్మ గ్లాసుతో నీళ్ళు తీసుకుని గబగబా వచ్చింది. మనిషిని గుర్తుపట్టింది. డాక్టరు దొరసాని లోపలే ఉందనీ, గంట ఆలస్యమైనా ప్రమాదమేననీ, ముందు పాపను రెండు గుక్కలు తాగనివ్వమనీ గ్లాసు చాచింది. రామసుబ్బయ్య మోచేత్తో నెట్టాడు. గ్లాసు కింద పడింది. మట్టిలో ఇంకిపోతున్న నీళ్ళనే చూస్తోంది పాప.

"చెంచమ్మ యాడ?"

మణెమ్మ నోరు తెరిచింది. నేల మీది తడిని చూసింది, ఆయన మొహం చూసింది, అనబోయిన మాట మింగేసింది.

"ఉండాది" అంది.

లేదని ఒకడు, ఉందని ఒకతి. తనను పిచ్చివాణ్ణి చేస్తున్నారా వీళ్ళు? ఉంటే పిలవమన్నాడు.

"నేను పిలిస్తే పలకదు నాయనా. నువ్వే పిలువు."

ఎగతాళి అనుకుని బండి వైపు తిరిగాడు. అప్పుడు పాప మెడ వాలిపోయింది. చెయ్యి భుజం మీది నుంచి జారి వేలాడింది. రామసుబ్బయ్యకు కులం, పంతం, ఊరు, ఏవీ గుర్తు రాలేదు. రెండు నెలల కిందటి గొంతే మళ్ళీ బయటికి వచ్చింది.

"చెంచమ్మక్కా..."

"వస్తాండా తమ్ముడా." మందుల గదిలోంచి పొడుగాటి నర్సు తల వంచుకుని గుమ్మం దాటింది.

"వస్తాండా తమ్ముడా." బావి దగ్గర గుడ్డలు పిండుతున్న ఇంకొకతె, బొంగురు గొంతు మనిషి, తడి చేతులతోనే పరుగెత్తుకొచ్చింది.

"వస్తాండా తమ్ముడా." వరండాలోంచి సన్న గొంతు. చేతులు చూస్తే పిల్ల చేతులు.

అవే మాటలు. మూడు వారాలు విన్నవే. రామసుబ్బయ్య ముగ్గురినీ మార్చి మార్చి చూశాడు. నాలుగోది చెవి పక్కనే వినబడింది. "ఇక్కడే ఉండా తమ్ముడా" అంటోంది మణెమ్మ, ఇందాకటి తడి కొంగుకు తుడుచుకుంటూ.

ఆయన చేతుల్లో పట్టు సడలింది. పాప ఎప్పుడు మణెమ్మ భుజం మీదికి పోయిందో తెలియలేదు. పిల్ల చేతుల ఆవిడ ఇంకో గ్లాసు తెచ్చి పెదాలకు ఆనించింది. పాప కళ్ళు తెరిచి గటగటా తాగింది. రామసుబ్బయ్య అడ్డం పోలేదు. ఎవరి చేతి నీళ్ళని అడగనూ లేదు.

లోపలికి నడుస్తూ మణెమ్మ వెనక్కి తిరిగింది.

"జ్వరంలో పాప ఎవర్ని కలవరిస్తాంది నాయనా? తొందరగా చెప్పు. ఈ పొద్దు నుంచి మేమందరం ఆ పేరుకు పలకాల."