మూడో చెయ్యి

ఇంజినీరు భర్తగా చెడ్డవాడేం కాదు. ఇంట్లో తనకున్న రెండు చేతులూ ఎందుకున్నాయో తెలుసుకోకుండానే మూడోది తయారుచేశాడు, అంతే.

ఆ మూడో చెయ్యి, ఆయన చేసిన మరచెయ్యి, ఇప్పుడు కంపెనీ హాల్లో కెటిల్ పట్టుకుని డైరెక్టరుకి టీ పోస్తోంది. ఈ డైరెక్టరు సరేనని తలూపితే విభాగం మొత్తం ఇంజినీరు చేతికొస్తుంది. డైరెక్టరు కావాలనే కప్పు పక్కకు జరిపాడు. చెయ్యి వెంట వెళ్లింది. పైకెత్తాడు, అదీ లేచింది. మోకాలితో బల్ల కుదిపినా చుక్క ఒలకలేదు.

"ఇంత ఒడుపు దీనికి ఎవరు నేర్పారయ్యా?"

వెనక వరసలో ఇంజినీరు భార్య నిటారుగా కూర్చుంది. వారాల తరబడి చేతి కదలికలు యంత్రానికి చేరవేసే తీగల తొడుగు వేసుకుని, వంటింట్లో ఈ యంత్రం చూస్తూ వింటూ ఉండగా, ఇంటిల్లిపాదికీ టీ పోసింది ఆవిడే. అందరి ముందూ నీ పేరు చెబుతానని తొడుగు తొడిగిన రోజున ఆయన మాటిచ్చాడు.

"ఎవరూ లేరు సార్. అంతా నా లెక్కలే," అన్నాడు ఇంజినీరు.

ఆవిడ మెల్లగా వెనక్కి ఆనుకుంది. పొద్దున్నుంచి ఆయన ఏమీ తాగలేదనీ, ఆయనకీ ఓ కప్పు పోయించమనీ డైరెక్టరుని ఎంతో ప్రేమగా అడిగింది.

పరీక్షలప్పుడు కప్పులు పట్టింది తోటి ఉద్యోగులు. ఇంజినీరు తన కప్పు చాపడం ఇదే మొదలు. కెటిల్ చటుక్కున వెనక్కి పోయింది. కప్పు కుడికి జరిపితే అది ఎడమకి, ఎడమకి జరిపితే నెత్తి మీదికి. ఆయన కుర్చీ ఎక్కబోయాడు. హాల్లో నవ్వులు మొదలయ్యాయి. డైరెక్టరు మాత్రం నవ్వకుండా ఆవిడ వైపు తిరిగాడు.

"ఏమొచ్చిందమ్మా దీనికి?"

"బాగానే ఉందండీ. తడి తువ్వాలు మంచం మీద పడేసినా సరే, తప్పు ఒప్పుకునేదాకా మా ఇంట్లో ఈయనకి టీ పొయ్యను. అది రోజూ చూసింది కదా, నేర్చుకుంది."

డైరెక్టరు ఇంజినీరు వైపు చూశాడు. ఇంజినీరు ఆ మరచెయ్యి దగ్గరగా వంగి ఏదో గొణిగాడు. కెటిల్ కదల్లేదు.

"గొణిగితే నేనే ఒప్పుకోను," అంది భార్య, గోళ్లు చూసుకుంటూ. "అదెలా ఒప్పుకుంటుందండీ?"

ఇంజినీరు ఖాళీ కప్పు రెండు చేతులా పట్టుకుని, ఆఖరి వరసదాకా వినబడేలా అన్నాడు:

"తప్పు నాదే. దీనికి పని నేర్పింది మా ఆవిడ."