చెదల వంతు

బడికో విదేశీ జంతువు ఉండాలని చట్టం వచ్చాక, మా ఊరి బడికి చీమలు తినే జంతువొకటి వచ్చింది. పొడుగు మూతి, చీపురు లాంటి తోక. దానికి రోజుకు ముప్పై వేల చీమలైనా చెదలైనా కావాలి. కాలవ నీళ్లకు వేసినట్టే దాని మేతకూ ఇళ్లవారీగా వంతులు వేశారు. ఇప్పుడు ఊళ్లో చెదకు ఎవరూ మందు కొట్టరు, పెంచుతారు.

ఏడాది తిరక్కుండా పుట్టలన్నీ అయిపోయాయి. మా ఆవిడ మాణిక్యమ్మ నాగుల చవితికి పాలు పోసే పుట్ట ఒక్కటే మా చేను గట్టున మిగిలింది. ఈ వారం వంతు మాది. పేరయ్య మేష్టారు జంతువుని తోలుకుని ఇంటికొచ్చాడు.

"ఆ పుట్ట ఇప్పించండి అక్కయ్యా, పిల్లల చదువు కోసం."

"మీ పిల్లలకు గండుచీమ అంటే తెలీదు. దీని వంశం మాత్రం గడగడా చెబుతారు."

"గండుచీమలు ఇంకెక్కడివి అక్కయ్యా, ఇదే తినేసిందిగా."

మాణిక్యమ్మ పెరట్లోకెళ్లింది. చెద పట్టిన పెరటి తలుపు ఊడబీకి దాని ముందు పడేసింది. అది అరగంటలో నాకి శుభ్రం చేసింది. పుట్ట దక్కింది.

ఇప్పుడు రోజూ పొద్దున్నే, తలుపు లేని ఆ గుమ్మంలోంచి ఆ జంతువు తనంతట తనే వచ్చి, మా ఇంటి దూలం కేసి చూస్తూ నిలబడుతోంది.