సీసాలో వాన

వానకొలత సీసా అడుగున చెంచాడు నీళ్లు.

పొద్దున్నే ఆమె తొంగి చూసింది. ముట్టుకోలేదు. ఇవాళ కొలవాల్సింది ఆమె ఆఫీసు పెద్దాయన.

వాతావరణ కేంద్రంలో ఆయన్ను అందరూ చాటుగా గొడుగాయన అంటారు. మండుటెండలోనూ చంకలో గొడుగుంటుంది. వాన కొలవడానికి మాత్రం గడప దాటడు.

కొండ అవతలి కేంద్రానికి ఫోన్ చేస్తాడు. వాళ్ల అంకెలో కాస్త కోసి, మనదని రాసేస్తాడు.

అవతల ఫోనెత్తేది ఆమె మొగుడు.

పెళ్లయి నెల. ఆ "హలో" వింటే చాలు, ఆమె కూడుతున్న లెక్క మళ్లీ మొదటికొస్తుంది.

అతనిదో చాదస్తం. వాన విడ్డూరంగా పడ్డ రోజు అంకె చెప్పి ఊరుకోడు. "ఇది మా ఒక్కచోటే సార్, మీది చూసుకోండి" అంటాడు.

ఆ మాటే గొడుగాయనను ఇన్నాళ్లూ కాపాడింది.

కొన్నేళ్ల కిందట, గదిలో కూర్చుని అల్లిన అంకెను తన కింద పనిచేసే ఆమె తండ్రి నెత్తిన రుద్ది, ఉద్యోగం ఊడగొట్టించింది ఈయనే. ఇప్పటికీ ఆమె నెలవారీ సగటులు కడుతుంటే భుజం మీదుగా చూసి నవ్వుతాడు.

"మీ నాన్నలా కాకిలెక్కలు వెయ్యకమ్మాయ్."

పెళ్లయిన వారానికే మొగుణ్ని అడిగింది.

"ఒక్కరోజు తప్పుడంకె చెప్పవూ?"

"వాన మీద అబద్ధమాడను."

"అబద్ధం వద్దు బాబూ. ఆ ఒక్క మాట మింగెయ్."

అతను అటు తిరిగి పడుకున్నాడు.

ఇవాళ నెలాఖరు. లెక్కలు చూడటానికి పై అధికారి వస్తోంది.

గొడుగాయన ఆవలిస్తూ వచ్చి, మెట్ల మీద తడి చూసి, స్పీకర్ పెట్టి ఫోన్ చేశాడు.

"ఎంతబ్బాయ్?"

"తొంభై రెండు సార్."

"అమ్మో! కుంభవృష్టే! నేను ఒళ్లెరగకుండా నిద్రపోయాను."

అవతల చప్పుడు లేదు. ఆ మాట వస్తుందేమోనని ఆమె ఫోన్ వైపే చూసింది.

"ఉంటాను సార్."

మొగుడి మీద ఇంత ప్రేమ ఆమెకు పెళ్లినాడు కూడా పుట్టలేదు.

ఆయన రిజిస్టరులో రాసి పెన్ను పడేశాడు: ఎనభై ఎనిమిది మిల్లీమీటర్లు. ముత్యాల్లాంటి అంకెలు.

"సంతకం సార్" అంటూ ఆమే పెన్ను అందించింది.

అధికారి వచ్చి, ఆ అంకె దగ్గర ఆగింది.

"ఎనభై ఎనిమిదా? దారిలో నా చెప్పులకు బురదైనా అంటలేదే! ఏదీ, సీసా తెప్పించండి."

"పారబోసేశామండీ..." గొడుగాయన నసిగాడు.

"లేదండీ, అలాగే ఉంది." ఆమె అప్పటికే గుమ్మం దాటేసింది.

కొలత గ్లాసులో పోస్తే రెండు మిల్లీమీటర్లకు కూడా అందలేదు.

"ఈ అమ్మాయే చెప్పిందండీ!"

"సంతకం మీదేగా? రేపట్నుంచి రాకండి. మీ సంగతి పై ఆఫీసు చూస్తుంది."

గొడుగాయన గొడుగు మరిచి బయల్దేరాడు. ఆమె వెనకాలే పరుగెత్తి చేతికిచ్చింది.

"కాకిలెక్కలు సార్" అంది, ఆయనకు మాత్రమే వినబడేలా.

సాయంత్రం తండ్రి ఇంట్లో భోజనాలు. నవ్వు ఆపుకోలేక, చేతులు తిప్పుతూ ఆమె అంతా చెప్పింది.

తండ్రి అల్లుడి వైపు తిరిగాడు.

"ఎప్పుడూ చెప్పే మాట ఇవాళెందుకు చెప్పలేదు నాయనా?"

"మర్చిపోయాను మామయ్యా."

తండ్రి అతని ముఖంలోకి చూసి కూతురి వైపు తిరిగాడు.

"అబ్బాయికి ఇంకాస్త వడ్డించమ్మా."

అతను తలెత్తకుండా కంచం మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

ఆమె ఆ చేతిని మెల్లగా పక్కకు జరిపి, వడ్డించింది.