కాసేపు కూర్చో అమ్మా

బరువు దించీ దించగానే అమ్మ మళ్లీ వంగింది. జిమ్‌లో ఆడవాళ్లకు శిక్షణ ఇచ్చే కూతురు చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగమ్మా! మధ్యమధ్యలో విశ్రాంతి లేకపోతే కండరాలు పట్టేస్తాయి. నిన్న మోచెయ్యి మడవలేక ఎంత అవస్థ పడ్డావు?"

అమ్మ బెంచీ అంచున కూర్చుంది. అంతలోనే లేచి, ఎవరో వదిలేసిన తువ్వాలు మడతపెట్టసాగింది.

"నీకసలు కూర్చోవడమే రాదా?" కూతురు విసుక్కుంది.

"కూర్చుంటే మీ నాన్న పిలుస్తున్నట్టే ఉంటుందే. గబుక్కున లేచి వెళ్తే మంచం ఖాళీ."

కూతురు అమ్మ చేతిలోని తువ్వాలు తీసుకుని, ఆమెను బెంచీ మీద కూర్చోబెట్టింది. మెల్లగా అమ్మ పక్కన కూర్చుంది. నాన్న పోయినప్పటి నుంచి తనూ అలా ఊరికే కూర్చోవడం అదే మొదలు.

"నాకూ వినిపిస్తుందమ్మా," అంది.