చెంచా చప్పుడు

టీ కప్పు అందుకోకుండా మిసెస్ లెన్నాక్స్ గోడ గడియారం వైపు వేలు చూపించింది.

"త్సెక్ట్. అను."

"సెక్ట్," అంది సుగుణకుమారి.

పెద్దావిడ చెంచాతో బల్ల మీద టక్కున కొట్టింది. "కాదు. మళ్లీ."

గ్లాస్గోలోని ఆ వృద్ధుల కేర్ హోమ్‌లో సుగుణ చేరి అప్పటికి నాలుగు నెలలు. మిసెస్ లెన్నాక్స్‌కి ఎనభై ఎనిమిదేళ్లు. సొంతూరు లక్సెంబర్గ్‌లో ఎక్కడో కొండల్లో. ఇక్కడి ఇంజనీరును పెళ్లి చేసుకుని వచ్చేసిందట. భర్త పోయాడు, పిల్లలు లేరు.

మర్నాడు సుగుణకు కిటుకు దొరికింది. 'చాలు' అన్నప్పుడు పలికే చకారాన్ని ముందు పెట్టింది. చెంచా మోగలేదు.

"సమయం అని అర్థం," అంది పెద్దావిడ ఇంగ్లీషులో. "మా ఊళ్లో అలా అనేవాళ్లు."

"నాకెందుకు మేడమ్ ఇదంతా?"

"ముందు నేర్చుకో. ఎందుకో తర్వాత చెబుతాను."

ఆ తర్వాత రోజుకో మాట. తప్పు పలికితే చెంచా.

"నీ యాసతోనే వేగలేకపోతున్నాం సుగుణా, ఇప్పుడు ఆవిడ యాస కూడానా?" అంది తోటి కేరర్ మొయిరా. స్టాఫ్ రూమంతా నవ్వింది.

సుగుణ కూడా నవ్వింది. కానీ ఆ నవ్వు ఆమెకు కొత్త కాదు.

నల్గొండ పక్క పల్లె నుంచి గుంటూరు నర్సింగ్ స్కూల్‌కి వెళ్లిన మొదటి రోజు, "గిట్లనా అక్కా?" అని అడిగింది. నెల రోజులు హాస్టలంతా ఆమెను 'గిట్లనా' అనే పిలిచింది. ఆ నెలలోనే నాయనమ్మ దగ్గర నేర్చిన మాటలన్నీ నోట్లోంచి ఊడ్చేసుకుంది.

సెలవులకు వెళితే నాయనమ్మ మొహంలోకి చూసి, "ఏంది బిడ్డా, సుట్టపుదాని లెక్క మాట్లాడుతున్నవ్?" అంది.

ఇప్పుడు నాయనమ్మ లేదు. ఆ మాటలు గుర్తు చేసుకుందామన్నా సగం రావడం లేదు.

"ముసలావిడకి పొద్దుపోక నిన్ను ఆడిస్తంది," అన్నాడు భర్త రాజ్ కుమార్. "డ్యూటీ రోటా మార్చమని అడగరాదూ?"

అడిగింది. మేనేజర్ పై అంతస్తుకు మార్చింది.

"రేపటి నుంచి నేను పైన, మేడమ్."

మిసెస్ లెన్నాక్స్ చెంచాను నెమ్మదిగా సాసర్‌లో పెట్టింది.

"నువ్వే అడిగావా?"

సుగుణ కప్పూ సాసరూ ట్రేలోకి తీసుకుంది.

"నీ కోసం ఒకరు వస్తారు. అందాకా మర్చిపోకు."

రెండు వారాలకు, నిద్రలోనే పోయింది పెద్దావిడ. సుగుణ షిఫ్టుకు వచ్చేసరికి కింద గది ఖాళీ చేసేశారు. గడియారం మాత్రం గోడకే ఉంది.

ఆ తర్వాతి శుక్రవారం ఓ అమ్మాయి వచ్చింది. భుజాన సంచీ, చేతిలో చిన్న రికార్డర్.

"సుగుణకుమారి మీరేనా?"

"నేనే. మిసెస్ లెన్నాక్స్ కోసమైతే, ఆవిడ..."

"తెలుసు. నేను వచ్చింది మీ కోసం."

ఇద్దరూ కింది ఖాళీ గదిలోకి వెళ్లారు. ఆ అమ్మాయిది లక్సెంబర్గ్. మాటలు పలికే తీరు ఎందుకు మారిపోతుందన్న దాని మీద యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది.

"పట్నంలో నవ్వుతారని కొండల్లో వాళ్లు తమ పలుకు వదిలేశారు," అంది. "ఆవిడ ఊళ్లో అలా మాట్లాడే మనిషి ఇప్పుడు ఒక్కరూ లేరు."

రికార్డర్ మీద ఎర్ర దీపం వెలిగింది.

సుగుణ గోడ గడియారం వైపు చూసింది. "త్సెక్ట్."

ఆ అమ్మాయి రికార్డర్‌ను ఇంకాస్త దగ్గరకు జరిపింది.

"మా ముత్తవ్వ ఇలాగే అనేది," అంది. "మేమంతా త్సైట్ అంటాం."

"ఇంతకీ ఆవిడెవరు?"

"మీకు చెప్పలేదా?"

"తర్వాత చెబుతానంది."

ఆ అమ్మాయి సంచీలోంచి పెద్దావిడ యూనివర్సిటీకి రాసిన ఉత్తరం తీసి, ఒక్కో మాటా ఇంగ్లీషులోకి మార్చి చదివింది.

"మా ఊరి బళ్లో ఇరవై నాలుగేళ్లు టీచర్‌గా ఉండి, ఈ పలుకు పలికిన ప్రతి పిల్లనీ వేళ్ల మీద కొట్టి మాన్పించింది నేనే, పోయేలోగా ఒక్క పిల్లకైనా తిరిగి నేర్పాను, వచ్చి వినండి."