పన్నెండు డజన్ల ఏనుగులు

సూర్యనారాయణ ఆఫీసు నుంచి వచ్చి సోఫాలో కూలబడబోయి ఆగిపోయాడు. సోఫా నిండా ఏనుగులే. గులాబీ ఏనుగులు, నీలం ఏనుగులు, బంగారు జరీ అంచు ఏనుగులు.

"ఏంటే ఇవన్నీ?"

"పర్సులండీ, బ్యాంకాక్ పర్సులు! పన్నెండు డజన్లు," అంది కుసుమకుమారి మొహం చాటంత చేసుకుని. ట్రావెల్స్ వాళ్ళ టూరుకి వెళ్ళి ఆ పొద్దున్నే దిగింది. "అక్కడ డజన్ల లెక్కన తీసుకుంటే ఒక్కోటి ముప్పై రూపాయలే పడింది. ఇక్కడ నూట ఇరవైకి కళ్ళకద్దుకుని కొంటారు. దసరాకి మళ్ళీ టూరుంది. ఈసారి ముప్పై డజన్లు తెస్తా."

"ఎవరు కొంటారే! అమీర్‌పేట ఫుట్‌పాత్ మీద దొరకని వస్తువు ఈ భూమ్మీద ఉందా?"

"ఇలా తొండమెత్తిన ఏనుగు దొరుకుతుందా?"

జవాబు దొరకనప్పుడు సూర్యనారాయణ షరతు పెడతాడు. ఎర్రమంజిల్ సర్కారీ ఆఫీసులో ముప్పై ఏళ్ళుగా చేస్తున్న పని అదే.

"సరే. వరలక్ష్మీ వ్రతం రోజు ముగిసేలోపల ఇవన్నీ మన గడప దాటాలి. దాటినవాటిలో ఒక్కటి వెనక్కొచ్చినా ఇంక ఈ ఇంట్లో బ్యాంకాక్ మాట వినపడకూడదు. రాకపోతే దసరా టూరుకి డబ్బు నేనే కడతా."

"మాట తప్పరుగా?"

"నువ్వు తప్పకపోతే చాలు."

మర్నాడు పొద్దున్నే కుసుమకుమారి పై అంతస్తు కమలకుమారి ఇంటి బెల్లు నొక్కింది.

"మీకొక్కరికే చూపిస్తున్నానండీ, ఇంకెవరికీ చెప్పకండి. వ్రతానికి తాంబూలంలో అందరూ ఆ జాకెట్టు ముక్కే పెడతారు. మీరు ఇది పెట్టారనుకోండి, శ్రీనగర్ కాలనీ అంతా ఏడాది పాటు మీ పేరే చెప్పుకుంటుంది."

కమలకుమారి తలుపు దగ్గరగా వేసింది. "నాకో డజను ఇవ్వండి. కింద మంజూషకి మాత్రం చూపించకండేం!"

"అయ్యో, ఆవిడకెందుకు చూపిస్తానండీ!" అని కుసుమకుమారి గబగబా మెట్లు దిగి, తిన్నగా మంజూష ఇంటికే వెళ్ళింది.

అలా వారం తిరిగేసరికి పదకొండు ఇళ్ళకి పదకొండు డజన్లు వెళ్ళాయి. అన్నీ రహస్యంగానే. మిగిలిన డజను పంజగుట్ట బ్యూటీ పార్లర్‌లో అమ్మాయిలు పోటీపడి పంచుకున్నారు.

వ్రతానికి ముందురోజు సూర్యనారాయణ సోఫా దిండ్లు కూడా ఎత్తి చూశాడు. ఒక్క ఏనుగు లేదు.

"తాంబూలాల్లోకి నాకే మిగల్లేదండీ. జాకెట్టు ముక్కలు కొనుక్కొచ్చుకున్నా," అంది ఆవిడ.

ఆయనకి లోలోపల గర్వంగానే ఉంది. పైకి మాత్రం "రేపు కూడా గడువుంది" అని పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

వ్రతం రోజు సాయంత్రం కుసుమకుమారి పట్టుచీర కట్టుకుని పదకొండు పేరంటాలకీ వెళ్ళింది. నవ్వుతూ వెళ్ళిన మనిషి మొహం వేలాడేసుకుని తిరిగొచ్చింది. చేతిలో పెద్ద సంచీ.

"ఏమైంది? కాళ్ళు నొప్పులా?"

"ఏం లేదు. శనగలు తాలింపు వేస్తా," అని ఆవిడ సంచీతో వంటింట్లోకి జారుకోబోయింది.

"ముందొక అరటిపండు ఇవ్వవే, ఆకలేస్తోంది," అంటూ సూర్యనారాయణ సంచీలో చెయ్యి పెట్టాడు. చేతికి ఏనుగొచ్చింది. మళ్ళీ పెట్టాడు. ఇంకో ఏనుగు. సంచీ మొత్తం సోఫా మీద బోర్లించాడు. పండ్లు, శనగల పొట్లాల మధ్య పదకొండు పర్సులు! ఒక్కోదాంట్లో పసుపు, కుంకుమ, వక్క.

"ప్రతివాళ్ళూ ఎంత మురిసిపోతూ చేతిలో పెట్టారో తెలుసా!" అంది కుసుమకుమారి ఏడవలేక నవ్వుతూ. "వద్దంటే తాంబూలం కాదన్నట్టు అవుతుంది. ఎలా వద్దంటాను?"

సూర్యనారాయణ పొట్ట పట్టుకుని నవ్వాడు. కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుని మళ్ళీ నవ్వాడు.

"గడప దాటినవి వెనక్కొచ్చాయా, లేదా? అదీ ఒకటి కాదు, పదకొండు! బ్యాంకాక్ బంద్!"

కుసుమకుమారి ఎంత సరదా పడింది ఈ వ్యాపారం మీద! ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆయన నవ్వు టక్కున ఆగిపోయింది.

అప్పుడే బెల్లు మోగింది. కుసుమకుమారి కొంగుతో కళ్ళు ఒత్తుకుని తలుపు తీసింది. ఎర్రమంజిల్ క్వార్టర్స్‌లో ఉండే మంగవ్వ. చేతిలో ఏనుగు బొమ్మ పర్సు.

"కుసుమమ్మా, గీ పర్సులు నువ్వే తెచ్చినవంట గద! కమలకుమారి మేడమ్ పేరంటంల ఇచ్చింది. మస్తున్నయి! కార్తీకంల మా మనుమని పుట్టెంట్రుకలు తీస్తున్నం. వచ్చినోళ్ళకు పెట్టనీకి యాభై కావాలె. ఇప్పుడు ఎన్నుంటే అన్ని ఇయ్యి, తక్కినయి జర ఎనుక ఇద్దువుగాని."

"లేవు మంగవ్వగారూ. ఇంక నేను ఆ వ్యాపారం..."

కుసుమకుమారి మాట పూర్తికాకముందే సూర్యనారాయణ వెనకనుంచి వచ్చాడు. రెండు చేతుల నిండా పర్సులు. పసుపు పొట్లాలు తీసేసి, లుంగీ అంచుతో శుభ్రంగా తుడిచి మరీ తెచ్చాడు.

"ఇప్పుడే దిగిన సరుకమ్మా, అందుకే ఒక్కోటి నూట యాభై. తక్కినవి దసరాకి నేనూ మా ఆవిడా వెళ్ళి తెస్తాం!"