అద్దం చెప్పని చుక్క

ఇప్పుడు ఊళ్ళో మాట్లాడని అద్దమే లేదు. కానీ సువర్చల ఇంట్లో దానికి పక్షపాతం కూడా ఉంది.

పొద్దున్నే తను ఎదురుపడితే చాలు, మొదలెడుతుంది. "సువర్చల గారూ, తడి ఆరకముందే క్రీమ్ రాయండి. కళ్ళ కింద నలుపు కప్పండి. పౌడరు మెడకీ అద్దండి, లేకపోతే మొహమొకటి, మెడొకటి!"

తోడికోడలు మృణాళిని నిద్రమొహంతో వచ్చి నిలబడినా, "నీకేం అక్కర్లేదు తల్లీ, దిష్టి చుక్క ఒక్కటి పెట్టుకో," అంటుంది. ఆ మాట విన్నప్పుడల్లా సువర్చల కళ్ళలో నిప్పులు పోసుకుంటుంది.

ఇవాళ పెళ్ళికి వెళ్ళాలి. అద్దం చెప్పినవన్నీ ఒక్కటీ వదలకుండా చేసింది.

"అయిపోయిందండీ, ఇక బయల్దేరండి," అంది అద్దం.

సువర్చల కదల్లేదు. ఇంకొక్క మాట కోసం చూసింది. అది రాలేదు.

"అక్కా, ఎగిరే ఆటో మేడ మీద దిగింది, రా!" మృణాళిని పిలిచింది.

సువర్చల గబగబా కాటుకలో వేలు ముంచి, బుగ్గ మీద తనే చుక్క పెట్టుకుని, గడ్డం పైకెత్తి నిలబడింది.

"సువర్చల గారూ," అంది అద్దం మర్యాదగా, "బుగ్గకి ఏదో మసి అంటినట్టుంది. తుడుచుకుని వెళ్ళండి."